మీ నాన్న దారివ్వడు

ఏంటీ, ఆ కారేసుకుని ట్రాక్ డేకి వెళ్తావా? ఏదీ, మళ్ళీ అను. ముందు కూర్చో. ఆ కుర్చీ కాదే, దానికి స్ప్రింగు పోయింది, ఇటొచ్చి కూర్చో. ఊళ్ళో అందరి సోఫాలూ బాగుచేశాను గానీ నా కుర్చీకి మాత్రం... సర్లే, అది వదిలెయ్. మీ నాన్న వెళ్ళాడు ట్రాక్ డేకి. ఒకే ఒక్కసారి. నువ్వప్పటికి పుట్టలేదు. పుట్టాక మాత్రం ఏం చూశావులే, నీకు నడక వచ్చేలోపే పోయాడాయె. అందరూ నీకు మంచి మంచివే చెప్పుంటారు, పళ్ళ డాక్టరుగారు దేవుడు, పన్ను పీకితే తెలిసేదే కాదు అని. పన్ను పీకింది తెలిసేది కాదు, నిజమే. ప్రాణం తోడింది మాత్రం నాకు తెలిసేది. పొద్దస్తమానం నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ, ఎదుటివాళ్ళు జవాబు కూడా చెప్తారన్న సంగతే మర్చిపోయాడు మా అన్నయ్య.

ఆ కారు తెచ్చిన రోజు... తెచ్చాడనకూడదు, తోయించుకొచ్చాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, కింద నేలా సగం లేదు, తుప్పు తినేసింది. "చూశావా చెల్లాయ్, దీని ఒంపు చూడు, ఇలాంటిది ఇప్పుడెవడు చేస్తాడు" అంటాడు. మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఓసారి చూసి, "సవతిని తెచ్చినా బాగుండేది, వంటైనా చేసేది" అని లోపలికెళ్ళిపోయింది. ఇంక ఏళ్ళ తరబడి మా ఆదివారాలన్నీ దాని కడుపులో పోశాం. ఇద్దరం పోశాం, గుర్తుపెట్టుకో. సీట్లు నావి. మూడుసార్లు కుట్టాను, మూడుసార్లూ కుట్టు వంకరని విప్పించాడు. దానికి కార్బ్యురేటర్లు రెండు. రెండూ ఒకేలా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస దాని మూతి దగ్గర, ఇంకో కొస చెవిలో పెట్టుకుని వింటూ మర తిప్పుతూ కలపాలి. ఆ తేడా నా చెవికే తెలిసేది, ఆయన చెవులు డ్రిల్లు మోతకి ఎప్పుడో మొద్దుబారాయి. ఇంత చేశానా, స్టీరింగు ముట్టనిస్తేగా! "నువ్వు పక్కన కూర్చుని సీటెలా ఉందో చూడు" అనేవాడు. నేను కుట్టిన సీటు ఎలా ఉందో నన్ను చూడమంటాడు! షాపు వ్యాను నేను సోఫాలేసుకుని ఊరంతా తిప్పేదాన్ని. ఈయనకి రివర్సు చెయ్యడం నేర్పిందే నేను.

సరే, ట్రాక్ డే అన్నారు, రేసుల రోడ్డు మీద ఎవరి కారు వాళ్ళు వంతులేసుకుని తిప్పుకునే రోజు. పొద్దున వంతులన్నీ ఆయనవి, ఆఖరి వంతు నాది. అలా మాటిచ్చాడు, అదీ మీ అమ్మ ముందు. అందుకే నమ్మాను. వెళ్ళగానే అక్కడ జెండాలూపే పెద్దాయన అందరినీ నిలబెట్టి చెప్పాడు, ఇది పందెం కాదు, గెలిచేదేం లేదు, వెనకవాడు దగ్గరికొస్తే ముందున్నవాడు చెయ్యి బయట పెట్టి ఇటునుంచి పో అని చూపించాలి, చూపించేదాకా వెనకవాడు దాటకూడదు అని. మీ నాన్న! దారివ్వడం! సందులో ఎదురు బండొస్తే ఇంజనాపి పేపరు చదువుకునే మనిషి. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే నయం, ఈయన ఆ మూడూ లెక్కపెట్టి చూపించేవాడు.

అనుకున్నంతా అయింది. వెనక ఓ కారు, దాని వెనక ఇంకోటి, చూస్తుండగానే పెళ్ళి ఊరేగింపులా తయారైంది. అద్దంలోకి చూస్తాడు, చెయ్యి మాత్రం కదపడు. "అన్నయ్యా, చెయ్యి చూపించు." "చూపిస్తా, మలుపు దాటనీ." మలుపు దాటింది. "తిన్నటి రోడ్డొచ్చింది, ఇప్పుడు చూపించు." "తిన్నటి రోడ్డు మీద నేనే వేగంగా వెళ్తాగా!" ఎక్కడి వేగం? మా వెనక ఉన్నది కూరగాయలు తెచ్చుకునే బుల్లి కారు, అది కూడా విసుక్కుంటోంది. నల్లజెండా ఊపి లోపలికి పిలిచారు. పెద్దాయన కారు తలుపు దగ్గరికొచ్చి, "డాక్టరుగారూ, ఇంకొక్కసారి ఇలా చేశారంటే మీ కారు ఇవాళ్టికి బయటే" అన్నాడు. ఈయనేమో, "వాళ్ళకంత తొందరైతే ఇంట్లోంచి ముందే బయల్దేరాల్సింది." ట్రాక్ మీద అనాల్సిన మాటేనా అది? కారు బయటంటే ఎవరి వంతు పోతుంది? ఆయనవి దాదాపు అన్నీ తిప్పేసుకున్నాడు. పోయేది నాది!

మళ్ళీ ట్రాక్ ఎక్కాం. మళ్ళీ ఊరేగింపు. జెండాలాయన ఆ నల్లగుడ్డ చేతిలోకి తీసుకోవడం నాకు దూరం నుంచే కనిపించింది. ఇంక ఈయనతో మాట్లాడి లాభం లేదని నా పక్కనుంచి నేనే చెయ్యి బయట పెట్టి, పోండి నాయనా పోండి అని ఊపాను. జుయ్ జుయ్ మని ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. మీ నాన్న ముఖం చూడాలి! "చెయ్యి లోపల పెట్టు! ఇది ఎవరి కారనుకున్నావు?" తిన్నగా లోపలికి తెచ్చి ఆపి, దిగి, తాళాలు నా ఒళ్ళో పడేశాడు. "అంత దానకర్ణురాలివైతే నువ్వే నడుపుకో." నడుపుతానన్నాను. నడిపేవాళ్ళకి హెల్మెట్ తప్పదన్నారు, నా కొప్పు అందులో పట్టలేదు, పిన్నులన్నీ పీకి ఆయన చేతిలోనే పెట్టాను, పట్టుకోమని.

పక్కన కూర్చుని ఆయన లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. "గేరు... నెమ్మది... అయ్యో దాని పళ్ళు!" నాకెందుకు ఆ గొడవ? వచ్చినవాడికల్లా చెయ్యి చూపించాను. ఒక్కో కారూ దాటుతుంటే ఈయన ఒక్కో అంగుళం సీట్లోకి కూరుకుపోయాడు. బుల్లి కారు కూడా దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందెవరూ లేరు, వెనకెవరూ లేరు. రోడ్డంతా ఖాళీ. తొక్కానే తల్లీ! ఆ రెండు కార్బ్యురేటర్లూ కలిసి ఒకే గొంతుతో పాడటం ఎప్పుడైనా విన్నావా? మలుపు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో. ఈయన నోరు మూతపడింది. ఏమైందా అని చూస్తే, కాలు కూడా బ్రేకు తొక్కట్లేదు.

అంతలో గళ్ళ జెండా. అంటే వంతు అయిపోయింది, లోపలికి రమ్మని. కాలు తీశాను. "జెండా నువ్వు చూళ్ళేదు" అన్నాడు. "చూశానన్నయ్యా, అదుగో." "చూళ్ళేదంటున్నానా! తొక్కు!" తొక్కాను. మళ్ళీ జెండా. "అదీ చూళ్ళేదు" అన్నాడు. చివరికి ఆ పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడితే ఆపాను. రొప్పుతున్నాడు పాపం. ఇంకెప్పుడూ ఈ గేటు తొక్కొద్దన్నాడు, పుస్తకంలో రాసుకోవాలి, నడిపిందెవరన్నాడు. స్టీరింగు ఇంకా నా చేతుల్లోనే ఉంది. ఈయన నా పక్కన కూర్చుని, పిడికిట్లో నా పిన్నులు పట్టుకుని, నిమ్మకి నీరెత్తినట్టు "నేనే" అన్నాడు.

నేనేనట! తప్పు తన మీద వేసుకున్నాడా, నా ఆ రెండు చుట్లు కూడా తన ఖాతాలో వేసుకున్నాడా? ఇంటికొచ్చేదాకా అడిగాను, డ్రిల్లు చెవుల సాకుతో వినపడనట్టే కూర్చున్నాడు. తీరిగ్గా ఎప్పుడో అడుగుదాంలే అనుకుంటుండగానే ఆయన... సరే. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పు, ఉక్కగా ఉంది.