ఆకాశంలో మూడు చుక్కలు

హలో… ఆ, నేనే. చెప్పు.

…అక్కా అనకు. వారం నుంచి లేని అక్క ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? పనేంటో చెప్పు.

…ఏంటీ? కెమెరాలో సెన్సర్ తుడుస్తున్నావా? నువ్వా? నాలుగింటికి మనిద్దరం ఆ ఫొటో పోటీ పెట్టినవాళ్ళ ముందు ఎవరి కెమెరా వాళ్ళు పెట్టాలి. ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు శుభ్రం?

…సరే, ఏమైంది?

…తుడిచే పుల్ల ఇరుక్కుందా? కెమెరా లోపలా?

లాగకు! ఒరేయ్, లాగకు అంటున్నానా… చెయ్యి తియ్యి. తీశావా?… లెన్స్ ఊడదీసిన వైపు పైకుండేలా బల్ల మీద పెట్టు. ఊఁ. ఇప్పుడు మొదట్నుంచి చెప్పు. బ్లోయర్‌తో గాలి కొట్టావా?

…కొట్టలేదా? మరి?

…నోటితోనా! సెన్సర్ అంటే పొయ్యి అనుకున్నావట్రా, ఉఫ్ ఉఫ్ అని ఊదడానికి? ఉమ్మి పడుంటుంది… పడిందా. పడక ఏం చేస్తుంది!

తర్వాత?… మెనూలోకెళ్ళి శుభ్రం చేసే మోడ్ పెట్టావు. అద్దం పైకి లేచింది, సెన్సర్ ముందున్న తెర తెరుచుకుంది. పుల్లకి ద్రవం అద్ది తుడుస్తున్నావు… ఊఁ… సగంలో టక్కున మూసుకుపోయిందా?

మూసుకుపోదూ మరి? బ్యాటరీ అయిపోతే తెర దానంతటదే పడిపోతుంది. నిండా చార్జింగ్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు! చెవిలో జోరీగలా చెప్పాను కదరా.

…సగం ఉందని చూపించిందా?

ఆగు.

నీ బ్యాటరీని పొద్దున చార్జర్‌లోంచి తీసింది నేనే. మాటల్లేకపోయినా పని పనే కదా అని, తీసి నీ బల్ల మీద పెట్టాను. నిండుగా ఉంది.

సగం చూపిస్తూ చూపిస్తూ ఉన్నట్టుండి చచ్చిపోయే బ్యాటరీ మన స్టూడియోలో ఒక్కటే ఉంది. అది నా కెమెరాలో ఉంది.

…

ఎవరి కెమెరారా అది?

…నాదేనా?

…నా బీరువా ఎలా తీశావు?… ఓహో. మారు తాళంచెవి నీ దగ్గరుంచింది నేనేగా. బాగుంది. చాలా బాగుంది.

సెన్సర్ మీద మచ్చలు పోతే సాక్ష్యం పోతుందనుకున్నావు. అంతేనా?… చెప్పు, అంతేనా?

పొగగొట్టానికి రంగేస్తున్న ఆ ఇద్దరి ఫొటో. నేను తీసినదాన్ని నీ పేరు పెట్టి పోటీకి పంపావు కదా, అదే. దాంట్లో ఆకాశంలో ఎడమ పక్క మూడు చుక్కలున్నాయి, నా కెమెరాతో తెల్లగోడ తీసినా సరిగ్గా అక్కడే పడతాయి, తీసి చూపిస్తాను అని వాళ్ళకి చెప్పాను. అందుకని నువ్వు పుల్ల పట్టుకుని బయల్దేరావు!

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. సెన్సర్ తుడిస్తే రేపు తీసేవాటిలో ఉండవు. ఇప్పటికే తీసిన ఫొటోల్లో ఎలా పోతాయిరా? ఆ రోజువి ఇంకో నూట పది ఉన్నాయి నా కంప్యూటర్‌లో. అన్నింట్లోనూ అదే చోట, అవే మూడు.

…ఆ రోజు నువ్వూ వచ్చావా! సిగ్గు లేదట్రా? నేను ఐదంతస్తుల మేడెక్కి మూడు గంటలు ఎండలో మాడాను. నువ్వు పన్ను పీకించుకుని, బుగ్గ పట్టుకుని ఇంట్లో పడుకున్నావు.

…ఏడవకు. నీ ఏడుపులు నాకు కొత్త కాదు.

…నేనా? పోటీవాళ్ళ ఆఫీసు వరండాలో ఉన్నాను. ముందే వచ్చాను.

…ఎందుకంటే? మీ ఆవిడ చెప్పలేదా? నిన్న పాపని చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. బహుమతితో పాటు పత్రికలో ఉద్యోగం ఇస్తారట వదినా, ఆయనకి ఇంకో దారి లేదు వదినా అని నా చేతులు పట్టుకుంది. పాప నా జుట్టు పట్టుకుని వదల్లేదు.

కాదనలేకపోయాను. కూర్చుని ఉత్తరం రాశాను. ఫొటో మా తమ్ముడే తీశాడు, నేనే పొరబడ్డాను, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను అని. సంతకం కూడా పెట్టాను. అది ఇవ్వడానికే వచ్చాను ఇక్కడికి.

…లేదు. ఇంకా ఇవ్వలేదు. తలుపు దగ్గరికెళ్ళాను, నీ ఫోనొచ్చింది.

…అక్కా అనకని చెప్పానా లేదా?

ఒక్క ఫొటో పోతే పోయింది, మళ్ళీ తీసుకుంటాను అనుకున్నాను. దేంతో తీసుకోవాలిరా ఇప్పుడు? నాకు తిండి పెట్టేది ఆ కెమెరా. దాని కంట్లో పుల్ల గుచ్చి, ఎలా తియ్యాలక్కా అని నన్నే అడుగుతున్నావు!

…మీ ఆవిడకి ఫోనివ్వకు. నేను మాట్లాడను.

…ఏంటి?… ఆ చప్పుడా?

కాగితం. చింపుతున్నాను.

…ఇంకేం చెప్పకు. ఆ పుల్ల ముట్టుకోకు. ఎలా ఉన్నదాన్ని అలాగే పట్టుకురా, నాలుగింటికి. వాళ్ళూ చూస్తారు.

పెట్టేస్తున్నాను.