సగం మాట డాక్టరు

ఒరేయ్ అల్లుడూ, ఆ బీరువా పిడి లాగకు, తాళం వేసుంది. తాళంచెవా? అది అడిగావంటే సగం మాట డాక్టరు సంగతి చెప్పాల్సిందే, కూర్చో. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఎవరి మాటా వినదు. ఇటు, మంచం మీద.

సగం మాట డాక్టరంటే మత్తు డాక్టరులే. ఆపరేషన్ చేసినాయన పేరు ఊరంతా చెప్పుకుంటారు గానీ, మత్తిచ్చినాయన మొహం ఎవడికి గుర్తుంటుంది? చూసేలోపే నిద్రపోతాం కదా! మీ అత్తయ్యకి మాత్రం ఆ జాతంటేనే హడలు. అంతకుముందు వేరే ఆసుపత్రిలో ఒక ఆపరేషనప్పుడు ఏమైందంటే, ముందురోజు మత్తు డాక్టరొకాయన వచ్చాడు. "అయ్యా, నా ముందు పన్ను ఊగుతోంది, నోట్లో గొట్టం పెట్టేటప్పుడు చూసుకోండి" అని చెప్పుకుంది. మర్నాడు మత్తిచ్చింది ఇంకొకాయన. లేపింది మూడో ఆయన. మొదటాయనకి చెప్పిన మాట మొదటాయన చెవిలోనే ఉండిపోయింది. ఈవిడ లేచేసరికి పన్ను లేదు! నవ్వుతావేంట్రా, ఆవిడ ముందు నవ్వుంటే తెలిసేది.

నాలుగేళ్ళకి కడుపులో గడ్డ. వారం దాటితే నా చేతుల్లో ఉండదన్నాడు ఆపరేషన్ డాక్టరు. ఈవిడేమో "పోయినసారి పన్ను పోయింది, ఈసారి నేనే పోతాను, సంతకం పెట్టను గాక పెట్టను" అని భీష్మించుకు కూర్చుంది. బతిమాలాను, కేకలేశాను, వరండాలోకెళ్ళి ఏడ్చాను కూడా. కదిలితేనా!

ఆ సాయంత్రం వచ్చాడయ్యా మన సగం మాట డాక్టరు. బక్కపల్చటి మనిషి, అరిగిన చెప్పులు. స్టూలు లాక్కుని కూర్చుని, ఆ పన్ను కథంతా మొదట్నించి చెప్పించుకున్నాడు. మధ్యలో నేను నోరు తెరిస్తే "మీరు ఆగండి" అన్నాడు. మిగిలిన పళ్ళన్నీ ఒక్కొక్కటే కదిపి చూసి, స్వయంగా రాసుకున్నాడు. "అమ్మా, రేపు కళ్ళు మూసేటప్పుడు కనిపించే మొహం ఇదే, తెరిచినప్పుడు కనిపించేదీ ఇదే. నిద్రపుచ్చినవాడే లేపాలి. మీరు నాకొక మాట సగం చెప్పి పడుకోండి, మిగతా సగం లేచాక చెబుదురుగాని" అన్నాడు. మీ అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏదీ ఆ కాగితం" అంది. అంతే, సంతకం!

నా చేతికి ఎముక లేదని, బీరువా తాళంచెవి నాక్కనపడకుండా దాచేది మహాతల్లి. మర్నాడు మత్తెక్కుతుంటే "డాక్టరుగారూ, నాకేమైనా అయితే... ఆ తాళంచెవి ఎక్కడ పెట్టానంటే..." అంది. నిద్రపోయింది. నర్సమ్మ చెప్పిందిలే ఇదంతా.

గంటన్నర అన్నది ఏడు గంటలు పట్టింది. గడ్డ పేగుకి అంటుకుపోయిందట. మధ్యాహ్నం మన మత్తు డాక్టరు డ్యూటీ దిగే వేళకి ఇంకో డాక్టరు వచ్చి, "ఇక మీరు వెళ్ళండి సార్, నేను చూసుకుంటాను" అన్నాడట. "సగం మాట నా దగ్గరుందయ్యా. నేను వెళ్ళిపోతే ఆవిడ మిగతా సగం ఎవరికి చెబుతుంది?" అని ఆవిడ తల దగ్గర్నుంచి కదల్లేదట. ఏడు గంటలురా! నేను బయట బెంచీ మీద కూర్చునే నాలుగుసార్లు లేచాను.

అయ్యాక తలుపు దగ్గరికి రానిచ్చారు. ఈవిడ లేవదు. పావుగంట. అరగంట. ఆయన మాత్రం చెవి దగ్గర వంగి, అదే గొంతు, కోపం లేదు, కంగారు లేదు, "అమ్మా, తాళంచెవి ఎక్కడ పెట్టానన్నారు? ఎక్కడ పెట్టానన్నారమ్మా?" అంటూనే ఉన్నాడు. అప్పుడు కన్ను తెరిచింది. ఆయన్ని చూసింది. తల తిప్పి నన్ను చూసింది. "ముందు... ఆయన్ని... బయటికి పంపండి" అంది!

ఆయన పకపకా నవ్వాడు. "పూర్తిగా వచ్చేశారు, వెళ్ళండి సార్ బయటికి" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాను. నలుగురికీ అదే చెప్పా, నన్ను గెంటేసిందిరోయ్ అని!

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికింది. మిగతా సగం ఆయనకే చెప్పిందిగా, తాళంచెవి చోటు వాళ్ళిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలీదు. నేను వెతకని డబ్బా లేదనుకో. ఆవిడ పోయిందని తెలిసి, కర్ర ఊతంగా వచ్చాడు పాపం ఆ డాక్టరు. ఆనాడు స్టూలు లాక్కున్నట్టే కుర్చీ లాక్కుని కూర్చుని, "చెప్పేయనా?" అన్నాడు.

వద్దన్నాను.

ఏమో మరి, ఎందుకో. మీ దగ్గరే ఉండనివ్వండి అన్నాను. తల ఊపాడు. మరుసటేడు ఆయనా...

బీరువా పగలగొట్టించడమేంట్రా? ఆ... సరే గానీ, ఆ కిటికీ వెయ్యి, చినుకులు లోపలికొస్తున్నాయి.