పెద్దల్లుడు దీవిలో పస్తున్న కథ

అచ్చియ్య గారికో గొప్ప గుణం ఉందండి. మొదటిసారి అడిగితే ఏదీ పుచ్చుకోడు. మంచినీళ్ళైనా సరే, నాలిక పిడచకట్టుకుపోతున్నా సరే, "వద్దండి, ఇప్పుడే తాగొచ్చా" అంటాడు. రెండోసారి అడిగితే "అబ్బే" అంటాడు. మూడోసారి అడిగితే "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని చెంబెత్తుతాడు, ఇక దింపడు. దాన్నాయన మర్యాద అంటాడు. నాకూ ఉందనుకోండి ఆ గుణం. ఇందాక మన రాఘవమ్మ "టీ పెట్టనా బాబాయ్" అంటే "వద్దమ్మా" అన్నానా లేదా? విన్నారుగా. సరే, నా గొప్ప తర్వాత, ముందు ఆయన గొప్ప వినండి. ఆయన అత్తారూరు గోదారి పాయల మధ్యలో ఓ లంక. పడవ దిగి కొబ్బరితోటల్లోంచి నడిచెళ్ళాలి. అత్తగారు మాణిక్యమ్మ గారు, మొగుడు పోయినా ఇల్లు చెక్కుచెదరకుండా నడుపుతున్న మనిషి. పెద్దల్లుడొచ్చేడంటే పీటేసి, విస్తరేసి, మొదటి గరిటె ఆయనకే. ఈయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలత్తయ్య గారూ, చాలు చాలు" అంటాడు. ఆవిడ "ఎంత తిన్నారని, ఒక్క గరిటె, నామీద ఒట్టే" అని ఆ వేళ్ళ సందుల్లోంచే పనసపొట్టు కూర జార్చేస్తుంది. ఈయన చెయ్యి తియ్యడు, ఆవిడ గరిటె ఆపదు. అలా తినీ తినీ బలిసేడు తప్ప, ఆ ఇంట్లో "ఇంకాస్త వెయ్యండి" అని నోరు తెరిచిన పాపాన పోలేదంట. "ఇన్నేళ్ళలో మా అత్తగారు నన్ను ఒక్క మాటన్నది లేదు తెలుసా" అని ఊరంతా చెప్పుకునేవాడు.

ఇక చిన్నల్లుడు. త్రిమూర్తులని, కాకినాడలో మోటారు సామాన్ల కొట్టు. వీడు వస్తూనే పీట కోసం చూడడు, చెప్పులిడిచి తిన్నగా వంటింట్లోకెళ్ళి గిన్నెల మీద మూతలెత్తి చూస్తాడు. "అత్తా, ఇదేంటి ఉప్పు లేదు!" అంటాడు. "తినక ముందే ఎలా తెలిసిందిరా వెధవా" అంటుందావిడ. అచ్చియ్య గారు పీట మీద కూర్చుని ఇదంతా విని, పాపం కుర్రాడికి మర్యాద తెలీదు, ఎవరు నేర్పుతారు, అని జాలిపడేవాడంట. జాలి అంటే పైకి జాలి, లోపల కుశాల.

ఏమైందంటే, ఓరోజు త్రిమూర్తులు వచ్చి "అత్తా, నిన్ను అండమాన్ తీసుకెళ్తున్నా, విమానంలో" అన్నాడంట. ఆ మాట పొద్దున అన్నాడు, మధ్యాహ్నానికి లంకంతా పాకింది. పడవ నడిపేవాడు కూడా అచ్చియ్య గారితో "ఏవండీ, మీ అత్తగారు విమానం ఎక్కుతున్నారంట కదండీ, చిన్నల్లుడు ఎక్కిస్తున్నాడంట కదండీ" అన్నాడు. ఆ 'చిన్న' దగ్గర కాస్త సాగదీసేడనుకో. అచ్చియ్య గారు పడవ ఒడ్డు చేరేదాకా లెక్కలేసుకున్నాడు. విమానం ఎక్కించినవాడికి కాకుండా, సంక్రాంతికి పట్టుచీర పెట్టిన తనకి పడుతుందా రేపు మొదటి గరిటె? త్రిమూర్తులు మంచివాడే, ఎదురుపడి "అన్నయ్యా, మీరూ వదినా కూడా రండి, అందరం వెళ్దాం" అన్నాడు. ఈయన "అబ్బే, మాకెందుకోయ్ ఇప్పుడు" అన్నాడు. వాడు "సరే అయితే" అని వెళ్ళిపోయేడు! ఒక్కసారేనండి. ఒక్కసారే అడిగి వెళ్ళిపోయేడు. అచ్చియ్య గారు రెండ్రోజులు వీధరుగు మీద కూర్చుని, రెండోసారి అడగడానికి వస్తాడేమోనని దారి చూసేడంట. చివరికి ఆయన భార్య సుందరమ్మ తన చెల్లెలికి, అదే త్రిమూర్తులు పెళ్ళానికి, ఫోన్ చేసి "మీ బావగారికి రావాలనే ఉందే, ఆయన భాష నీకు తెలీదా" అని చెబితే అప్పుడు కుదిరింది. ఇదంతా సుందరమ్మే మా ఇంట్లో చెప్పింది, నేను కల్పించలేదు.

సరే, విమానం దిగేరు, దీవిలో హోటల్‌కి చేరేరు. చుట్టూ నీళ్ళు, గట్టుమీద కొబ్బరిచెట్లు. మాణిక్యమ్మ గారు "మన లంకలాగే ఉందే, నీళ్ళు ఉప్పన, అంతే తేడా" అందంట. కౌంటర్ దగ్గర మనిషి "సముద్రం వైపు గది కావాలా, తోట వైపు కావాలా" అని అడిగేడు. అత్తగారి పేరన ఒకటి పోగా ఉన్నది ఇంకొక్కటే సముద్రం గదంట. అచ్చియ్య గారు "ఏదైనా పర్లేదండి" అన్నాడు, ఇప్పుడు రెండోసారి అడుగుతాడు కదాని మొహం గంభీరంగా పెట్టి. త్రిమూర్తులు "మాకు సముద్రమండి, అత్తా, నీకూ మా పక్కదే తీసుకున్నా" అనేసేడు. అయిపోయింది. వీళ్ళిద్దరికీ సముద్రం, ఈయనకి తోట. కిటికీ తెరిస్తే ఏముంది? కొబ్బరిచెట్లు! సొంత దొడ్లో ఉన్నవి చాలక విమానం ఎక్కొచ్చి చూస్తున్నాడన్నమాట. దానికి తోడు ఆ కిటికీ కింద హోటల్ వంటిల్లు. పొద్దస్తమానం తాలింపు వాసన. ఆ వాసన సంగతి గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పొద్దున టిఫిన్లు. పెద్ద హాలు, బల్లల మీద ఇడ్లీలు, పూరీలు, బొప్పాయి ముక్కలు, ఏవేవో రొట్టెలు, అన్నీ మూతల కింద పొగలు కక్కుతున్నాయి. ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకెళ్ళి తెచ్చుకోవడమే. అచ్చియ్య గారు వెళ్ళి కూర్చున్నాడు. కూర్చునే ఉన్నాడు. ఎవరైనా వచ్చి విస్తరి వేస్తారని చూస్తే ఎవడూ రాడు. భార్యకేసి చూసేడు. సుందరమ్మ దోసె తుంచుకుంటూ "నాకేసి చూస్తారేం, ఇక్కడ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలంట. నేనూ సెలవు మీదే వచ్చేను" అందంట. "పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడాలా నేను? పెద్దల్లుణ్ణి! రేషన్ షాపా ఇది?" అన్నాడు. "అయితే కూర్చోండి" అంది. త్రిమూర్తులు మూడు పళ్ళేలు మోసుకుంటూ వచ్చి ఒకటి అత్తగారి ముందు పెట్టి, "అత్తా, ఆ పూరీలు నూనె, నువ్వు ఇడ్లీ తిను" అన్నాడు. "నాకు పూరీయే కావాలి, నువ్వెవడివిరా నాకు చెప్పడానికి" అని ఆవిడ వాడి పళ్ళెంలోది లాక్కుంది. అచ్చియ్య గారు కాఫీ తాగేడు, అదీ ఎవరో పోశారు కాబట్టి. ఒకాయన దగ్గరికొచ్చి హిందీలో ఇంకేమైనా కావాలా అని సైగ చేస్తే, అలవాటు చొప్పున చెయ్యి అడ్డం పెట్టి "బస్, బస్" అన్నాడు. ఆయన దండం పెట్టి కప్పు కూడా తీసుకుపోయేడు. బీచ్ ఒడ్డున బొండాలమ్ముతుంటే తాగొచ్చు కదా అంటారేమో మీరు. కోనసీమవాడు బొండం కొనుక్కు తాగితే వాడి తోటలో చెట్లు ఊరుకుంటాయా? గదికెళ్ళి పడుకున్నాడు. కిటికీ కింద ఉల్లిపాయలు వేగుతున్నాయంట.

సాయంత్రం బజారుకెళ్ళేరు. శంఖాలు, గవ్వల దండలు, చెక్క బొమ్మలు, ముత్యాలు, దీపాల వెలుగులో అదో తిరణాల అనుకో. త్రిమూర్తులు "అత్తా, ఏది కావాలి?" అన్నాడు. ఆవిడ ఏమీ వద్దంటూనే ఓ ముత్యాల దండ మీద చూపానించింది. వాడు కొనేసి మెళ్ళో వేసేసేడు. అంతే, ఆవిడ అందుకుంది: "నీకు బుద్ధుందట్రా? ఈ వయసులో నాకు ముత్యాలేంటి, లంకలో నలుగురూ నవ్వరూ? డబ్బులు చెట్లకి కాస్తున్నాయా నీకు?" అని బజారు మధ్యలో దులిపేసింది. దులిపింది కానీ దండ తియ్యలేదు, అది చూసుకోండి. అచ్చియ్య గారికి మాత్రం కడుపు నిండినంత పనైంది. చివాట్లు తిన్నాడ్రా కుర్రాడు, ఇప్పుడు నా దెబ్బ చూపిస్తా, అని కొట్టులోకెళ్ళి అన్నిట్లోకీ పెద్దది ఏదో చూసేడు. కొబ్బరిచిప్పలతో చేసిన కోతి, నిలువెత్తు కాదు గాని మన పాలేరు పిల్లాడంత ఉంటుంది, నోట్లో దీపం. పట్టుకొచ్చి అత్తగారి చేతిలో పెట్టబోతే ఆవిడ రెండు చేతులూ చాపింది, పట్టలేదు. లంకలో అలాంటి చిప్పలు రోజూ పొయ్యిలో పెట్టే మనిషండి ఆవిడ. అయినా "చాలా బాగుందల్లుడు గారూ, మీకెందుకండీ శ్రమ" అంది, ఎంతో మన్ననగా. గెలిచేననుకున్నాడు. సుందరమ్మ మాత్రం కోతికేసీ మొగుడికేసీ మార్చి మార్చి చూసిందంట.

ఆఖరి రాత్రి భోజనం సముద్రం ఒడ్డున. ఆ పూట వడ్డిస్తారని తెలిసి అచ్చియ్య గారి ప్రాణం లేచొచ్చింది. బుర్రమీసాల మనిషొకాయన పీతల ఇగురు గిన్నె పట్టుకొచ్చేడు. ఒక గరిటె వేసేడు. రెండో గరిటె ఎత్తేడు. అచ్చియ్య గారు చెయ్యి అడ్డం పెట్టేసేడు! ఆయన పెట్టలేదండి, చెయ్యే వెళ్ళింది. "బస్, బస్." బుర్రమీసాలాయన తలూపి గిన్నె పట్టుకుని పక్క బల్లకి వెళ్ళిపోయేడు. రైలు కదిలిపోతుంటే ప్లాట్‌ఫారం మీద టిక్కెట్టు పట్టుకు నిలబడ్డవాడిలా ఆ గిన్నె వెనకాలే చూస్తున్నాడంట అచ్చియ్య గారు.

ఇది మాణిక్యమ్మ గారి కంటపడింది. ఎన్ని విస్తళ్ళు చూసిన కళ్ళవి! చెంగు బొడ్లో దోపి లేచింది, పక్క బల్ల దగ్గరికెళ్ళి ఆ మీసాలాయన చేతిలో గిన్నె, గరిటె లాక్కుంది. "నీకు వడ్డించడం తెలీదు నాయనా, తప్పుకో" అని తెలుగులోనే చెప్పింది, ఆయన తప్పుకున్నాడు. వచ్చి "ఒక్క గరిటె, నామీద ఒట్టే" అంది. ఈయన చెయ్యి అడ్డం పెట్టేడు. ఆవిడ వేళ్ళ సందుల్లోంచి జార్చింది. "చాలు చాలు", "ఎంత తిన్నారని", "చాలత్తయ్య గారూ", "ఇది ఆఖరుది". హోటలంతా తిరిగి చూస్తోంది. ఎవరో దొరా దొరసానీ, ఇదేదో పూజనుకుని ఫోటోలు తీసుకున్నారంట. అచ్చియ్య గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, కారానికో సంతోషానికో ఆయనే చెప్పాలి. సముద్రం దాటినా మొదటి గరిటె నాదే! త్రిమూర్తులుకేసి ఓ చూపు చూసేడు.

త్రిమూర్తులు ఈయన్ని చూట్టంలేదు. అత్తగారి పళ్ళెంలో చెయ్యి పెట్టి చేపముక్క తీసుకుంటున్నాడు. ఆవిడ గరిటెతోనే వాడి చెయ్యి మీద ఒక్కటేసింది. "సిగ్గు లేదట్రా? నీ పళ్ళెంలో లేవూ? ముసల్దాని ముక్క కూడా వదలవా?" అంటూ కూర్చుని, ఆ ముక్కలో ముల్లు తీసి, సగం వాడి పళ్ళెంలోకి తోసింది. తోస్తూ తిడుతోంది, తిడుతూ తోస్తోంది. వాడు నవ్వుతూ తింటున్నాడు.

అచ్చియ్య గారి నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయిందంట. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాటన్నది లేదు అని ఊరంతా చెప్పుకున్నాడే, ఆ మాటే ఇప్పుడు తిరగబడింది ఆయన మీద. ముత్యాలప్పుడు వాడికి చివాట్లు, కోతి ఇచ్చినప్పుడు నాకు మన్నన. ఒరే, వాడు ఈ ఇంటి పిల్లాడు, నేను వచ్చిపోయే చుట్టాన్నా? మొదటి గరిటె చుట్టానికి కాక ఎవరికి వేస్తారు? ఇక చూడండి, అంతవరకూ విమానం మీద ఉన్న అసూయంతా వెళ్ళి ఆ గరిటె దెబ్బ మీద కూర్చుంది. నాకూ ఓ తిట్టు కావాలనుకున్నాడు. కావాలని మోచేత్తో మంచినీళ్ళ గ్లాసు తోసేసేడు. నీళ్ళన్నీ వెళ్ళి అత్తగారి పట్టుచీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి. తోసి, ఆవిడ మొహంకేసే చూస్తూ కూర్చున్నాడంట, ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు తిడుతుందని. ఆవిడ గభాల్న లేచి, "అయ్యో అల్లుడు గారూ, మీమీద పడలేదు కదా? పర్లేదండి, పర్లేదు, చీరే కదా" అని తన చెంగుతో ఈయన ముందున్న బల్ల తుడిచింది.

అదండీ. ఇప్పుడా కోతి దీపం మాణిక్యమ్మ గారి ముందు హాల్లో ఉంది, రోజూ దుమ్ము దులుపుతారు, ఎవరొచ్చినా "మా పెద్దల్లుడు గారు కొన్నారండి" అని చూపిస్తారు. ముత్యాలు ఆవిడ మెళ్ళో ఉంటాయి, స్నానానిక్కూడా తియ్యదని వినికిడి. మొన్నామధ్య అచ్చియ్య గారు పీట మీంచి లేచి వంటింటి గడప దాకా వెళ్ళేడంట. గిన్నెల మీద మూతలు కనబడుతున్నాయి. "ఆకలేస్తోందత్తయ్యా, పెట్టు" అందామనే వెళ్ళేడు. ఆవిడ తిరిగి చూసి "ఏం కావాలల్లుడు గారూ" అంది. "అబ్బే, ఏం లేదండి, ఇప్పుడే తినొచ్చా" అని వెనక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు. విమానం బెల్టు పెట్టుకోవడం నేర్చుకున్నాడు, చెంచాతో పీతని తినడం నేర్చుకున్నాడు, 'పెట్టు' అనే ఆ ఒక్క ముక్క మాత్రం ఇంకా రాలేదు ఆయనకి. నాకూ రాలేదు. కథంతా చెప్పేను, గొంతెండిపోయింది, ఆ రాఘవమ్మ చూస్తే టీ అని రెండోసారి అడక్కుండానే పొయ్యి ఆర్పేసి వచ్చి మీ మధ్యలో కూర్చుంది.