కరెంటు కత్తెరను తిట్టిన మాస్టరు

కూర్చో అమ్మడూ, ఆ సంచీ కింద పెట్టి కూర్చో. మీ ఆఫీసులో కొత్త మిషన్‌ను అందరికంటే ఎక్కువ తిట్టేవాడే అందరికంటే ఎక్కువ వాడుతున్నాడని నవ్వావు చూడు, మా ఉరుము మాస్టరు కళ్ళ ముందు నిలబడ్డాడు. డెబ్భై తొమ్మిది, ఎండాకాలం. నేను అప్పుడు యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఇస్త్రీ చేసేవాణ్ణి. ఒంట్లో నీళ్ళన్నీ ఆ పెట్టె కిందే ఆవిరైపోయేవి, ఆ సంగతి వదిలెయ్. ఉరుము మాస్టరంటే మా కటింగ్ మాస్టరు. గొంతు అలాంటిది. ఆయన లోపల నుంచి "సూది" అంటే వీధిలో పోయేవాడు ఆగి జేబులు తడుముకునేవాడు. మనిషిని చూస్తే చొక్కా తగిలించిన కొయ్యలా ఉంటాడు, అంత శబ్దం ఎక్కడ దాచుకున్నాడో తెలీదు. పొడుగు బల్ల మీద గుడ్డను పొరల మీద పొరలుగా పరిచి, సుద్దతో గీత గీసి, మోచెయ్యంత ఇనప కత్తెరతో కోసేవాడు. ఆ ఏడు ఆయన కుడి బొటనవేలు మొరాయించింది. కత్తెర మూస్తే మళ్ళీ తెరుచుకోదు. పొద్దున్నే మెడ గుండీ పెట్టుకోలేక, గుండీలు కుట్టే మా గుండీలక్క ముందు ఏదో పనున్నట్టు వచ్చి నిలబడేవాడు. ఆవిడ ఏమీ అడక్కుండా పెట్టేసేది. ఓనరుకు తెలిస్తే బల్ల ఇంకొకరికి పోతుంది కదా. బల్ల పోతే ఆయనకు ఇంకేం మిగులుతుంది చెప్పు, ఇంట్లో పెళ్ళాంతో పోట్లాడాలన్నా చేతిలో కత్తెర ఉంటేగానీ మాట వచ్చేది కాదు.

ఏమంటున్నాను? ఆ, సరిగ్గా అప్పుడే దిగింది కరెంటు కత్తెర. పిడి పట్టుకుని గీత వెంట తోసుకుంటూ పోవడమే, ఎన్ని పొరలైనా వెన్నలా తెగుతాయి. నెల వాడి చూడండి, వద్దంటే పట్టుకుపోతానన్నాడు అమ్మేవాడు. మా ఓనరుకు ఒక జబ్బుండేది, షెడ్డులోకి ఏది కొన్నా అందర్నీ నిలబెట్టి, ఉంచాలా వద్దా అని చేతులెత్తించేవాడు. చీపుళ్ళకు కూడా ఎత్తాం. మేనేజరుకు ఆ మిషన్ అంటే ప్రాణం. రోజూ తన సొంత జేబురుమాలుతో తుడిచేవాడు, కాలం మారిందయ్యా, మీరూ మారండయ్యా అని మాకు చెప్పి చెప్పి చంపేవాడు. ఎవరైనా స్విచ్ వేశారా, ఆ 'జుయ్' వినపడేసరికి గుమ్మం బయట ఉండేవాడు. నెలంతా ఆయన వేలు దాని స్విచ్‌ను తాకితే ఒట్టు. ఉరుము మాస్టరేమో దాని పక్కనుంచి నడవాల్సి వస్తే పంచె ఎత్తి పట్టుకునేవాడు, బురద ఉన్నట్టు. అది కత్తెరా, కందిరీగ అనేవాడు. దాన్ని ముట్టుకున్న చేత్తో అన్నం తినను అనేవాడు.

ఇక విను. మధ్యాహ్నం అందరం అన్నాలకు వెనక వరండాలోకి పోతాం. ఈయన రాడు. "మీలా నాకు పొట్టే లోకం కాదు, పోండి" అని తరిమి తలుపు వేసుకునేవాడు. మేము మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నామో లేదో, లోపల 'జుయ్'. నా ఇస్త్రీ గది గోడకు పైన చిన్న కన్నం ఉండేది, ఆవిరి పోవడానికి. ఒకరోజు మంచినీళ్ళ కోసం ఆ గదిలోకి వెళ్ళి, కన్నంలోంచి విన్నాను. ఉరిమే ఆ గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. "మెల్లగా తల్లీ. ఇదిగో చంక దగ్గరకొచ్చాం, కాస్త తిరుగు. మా అమ్మే, మా బంగారమే." నేను చెంబు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తాను, చెప్పేసరికి గుండీలక్కకు పొలమారింది. రోజూ మేము అన్నాలు తిని తిరిగొచ్చేసరికి ఈయన ఇనప కత్తెర చంకన పెట్టుకుని చెమట తుడుచుకుంటూ ఉంటాడు. పక్కన కోసిన కట్టలు. "చూశారా, ఆ దయ్యం మూలన నిద్రపోతోంది, పనంతా ఈ ముసలాడిది" అనేవాడు. చేత్తో కోస్తే కత్తెర మూసిన చోటల్లా అంచుకు చిన్న మెట్టు పడుతుంది. ఈ అంచులేమో అద్దంలా ఉన్నాయి. కుట్టేవాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. మాస్టారూ, మీ చెయ్యి ఈమధ్య కుర్రచెయ్యి అయిపోయిందే అనేది గుండీలక్క. ఆయన మీసం తిప్పబోయి, వేలు వంగక ఊరుకునేవాడు.

నెల తిరిగింది. ఓనరు అందర్నీ బల్ల చుట్టూ నిలబెట్టాడు. మాస్టరు మాట్లాడతానన్నాడు. అబ్బ, ఆ మిషన్‌ను తిట్టిన తిట్లు నువ్వు వినాలి. రేకులు అదిరాయి. ఆయన లెక్క ఏమిటంటే, తర్వాత గుండీలక్కకు చెప్పుకున్నాడులే, తను పొగిడితే ఎందుకని అడుగుతారు, వేలు బయటపడుతుంది. తను తిట్టాలి, మిగతావాళ్ళు ఉంచమనాలి, తను ఓడిపోయినట్టు మొహం పెట్టుకుని రోజూ దాన్ని తోసుకోవాలి. మా లెక్క ఇంకోటి. పెద్దాయన, అందరి ముందు ఓడిస్తే తలెత్తుకోలేడు, నేనొక్కణ్ణి ఆయన వైపు ఎత్తితే ఏమైంది, మిగతావాళ్ళు మిషన్ ఉంచుతారులే అని ప్రతివాడూ అనుకున్నాడు. వద్దనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు ఓనరు. షెడ్డంతా లేచింది. మేము ఒకరినొకరం చూసుకుని గుడ్లు తేలేశాం. ఓనరు మేనేజరు వైపు తిరిగి, మాస్టరు కాదంటున్నాడు కాబట్టి రేపటి నుంచి దాన్ని నువ్వు నడుపుతావా అన్నాడు. మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. కాలం మారిందన్నవాడు రెండు చేతులూ ఎత్తాడు. గుండీలక్క నవ్వు ఆపుకోలేక బట్టల కట్ట వెనక కూర్చుండిపోయింది. చెయ్యి ఎత్తని మనిషి ఒక్కడే మిగిలాడు. "ఏం మాస్టారూ, మీరేంటి ఆలోచిస్తున్నారు?" అన్నాడు ఓనరు. ఆయన మిషన్ వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆయనా ఎత్తాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మేవాడు వచ్చి మిషన్‌ను పట్టుకుపోయాడు. వానలు మొదలుకాకముందే మాస్టరు బల్ల వదిలేశాడు. మళ్ళీ గుడ్డ కోయలేదు.