ఆఖరి ఇరవై నిమిషాలు

పలాసలో డయాలసిస్ హాలు, పక్కపక్క మంచాలు. ఒకదాని మీద కూర్మనాథం, ఉద్దానంలో కొబ్బరి రైతు. రెండోదాని మీద ఆరోన్, కాశీబుగ్గలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. సోమవారం, గురువారం ఇద్దరిదీ ఒకటే షిఫ్టు. ఆరోన్ ఫోనులో ‘నక్షత్ర రేవు’ సినిమాల్లో ఆఖరిది, తొమ్మిదో పార్టు. ఇయర్‌ఫోన్ చెరొక చెవిలో.

“అందుకే సెప్తన్నాను మావా, ఈరోజు మాత్రం పడుకోకు. ఆఖరి ఇరవై నిమిషాలే ఉన్నాయి. అయిపోగొట్టేద్దాం.”

“నాను పడుకుంటానేటి?”

“పడుకోవేటి. ఈ ఒక్క పార్టుతోనే రెండు నెల్లయింది. సరిగ్గా ఈ సీను దగ్గరకొచ్చేసరికి గురక మొదలెడతావు. మొన్న నీ గురకకి సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. మళ్ళీ గురువారం ఎనక్కి తిప్పాలి.”

“వయసురా. ఇప్పుడు తొందరేటొచ్చింది? గురువారం సూద్దాం.”

“గురువారం నేను రాను.”

“షాపులో పనా?”

“పనేటీ లేదు.”

“కోటబొమ్మాళి ఎల్తన్నావా, మీ అక్కింటికి?”

“లేదు మావా. ఇంక రాను. సోమవారమూ రాను.”

“మిషను సప్పుడుకి ఇనపళ్ళేదు. ఏటన్నావు?”

“ఇన్నావులే.”

“ఆఁ, ఇన్నాను. డయాలసిస్ మానేత్తే ఎన్నాళ్ళుంటామో తెలుసు గదా?”

“తెలుసు. మొదటి రోజే నీకు సెప్పాను, నక్షత్ర రేవు కొత్త మూడు పార్టులూ నీకు సూపించేదాకే వత్తానని. నవ్వులాటనుకున్నావా?”

“నవ్వులాటనుకోనేదు. మీ అమ్మకి సెప్పావా?”

“అమ్మకి సెప్తే సర్చిలో అందరిసేతా ప్రార్థన పెట్టిత్తాది. వాళ్ళందరికీ మళ్ళీ నేను బాగున్నానని సెప్పాలి. సినిమా సూడు.”

“సూత్తాను. ముందిది సెప్పు. కొత్త పార్టులు సెత్తని అందరూ తిడతన్నారని నువ్వే అన్నావు గదా. మరి నీకెందుకంత ఇష్టం?”

“ఎన్నిసార్లు సెప్పాలి?”

“పడుకుంటాను గదా. మర్సిపోతాను.”

“పాత ఆరు పార్టుల్లో కెప్టెన్ ఒక్కడే వంద ఓడల్ని కూల్చేత్తాడు. సుక్కల మద్దెన అంత యుద్ధం సేసినా సెమటైనా పట్టదు. సిన్నప్పుడు అదే గొప్ప. కొత్తవాటిల్లో ముసలోడైపోయాడు. గుండె పాడైపోతే తెచ్చి ఓడ ఇంజనుకి గొట్టాలతో కట్టేసినారు. ఇంజను తిరిగితేనే ఈడికి నెత్తురు తిరుగుతాది. మా ఫ్యాన్స్ గ్రూపులో అందరికీ కోపం, హీరోని మంచం పట్టించేశారని. బాగుందని నేనొక్కణ్ణే పెట్టాను. డెబ్బైమంది తిట్టారు.”

“ఏటి బాగుందందులో?”

“అలిసిపోతాడు మావా. పాతవాటిల్లో ఎవడూ అలిసిపోడు. ఈడు నీళ్ళడిగితే మనకి లాగే సగం గ్లాసే ఇత్తారు. ఆ సీను మొదటిసారి సూసినప్పుడు ఏడిసాను. మనల్ని సూసి తీసినట్టుంది. ఇప్పుడైతే ఏడుపూ రాదు. ఏదీ రాదు. అన్నం తిన్నా ఇసక తిన్నా ఒకటే.”

“నాకూ అంతే. మొన్న తోటలో కొబ్బరికాయొకటి పక్కనే పడింది. జానెడు దూరం. బయమేటీ ఎయ్యనేదు. సూసి ఊరుకున్నాను.”

“ఇంటికెల్లి సెప్పావా?”

“ఏటని సెప్పను? కాయ పడిందనా?”

“సరే, సూడు. ఇదే. శత్రువుల ఓడ వచ్చేసింది. కెప్టెన్ కుర్చీలో నిటారుగా కూకున్నాడు. ఇప్పుడేటి సేత్తాడంటే...”

“గొట్టాలు పీకేసుకుంటాడు.”

“నీకెలా తెలుసు?”

“తనూజ సూపించింది, నా మనవరాలు. తాతా, ఇదేనా ఆరోన్ మావ సెప్పిన సినిమా అని దాని ఫోన్లో పెట్టింది. ఆఖరిదాకా సూసినాను.”

“ఎప్పుడు?”

“మనం ఈ పార్టు మొదలెట్టిన వారమే.”

“రెండు నెల్ల కిందటా? మరి ఒక్క మాటైనా సెప్పలేదేటి?”

“గొట్టాలు పీకేసుకుంటాడు. తన కాళ్ళమీద తను నడుసుకుంటా ఎల్లిపోతాడు. ఎనకాల పాటొత్తాది. నీకు అదే గదా నచ్చింది.”

“అదే నచ్చింది. ఎవడూ తియ్యలేదు మావా, వాడికి వాడే తీసుకున్నాడు. ఏ ఊసూ లేదు, ఏడుపూ లేదు. తొమ్మిది పార్టుల్లో అదొక్కటే నిజం.”

“మరా పక్క కుర్చీవోడో?”

“ఎవడు?”

“కెప్టెన్ పక్కన ఇంకొకడున్నాడు గదా, అదే ఇంజనుకి కట్టేసి. వాడికి మాటల్లేవు. కెప్టెన్ ఎల్లిపోయాక ఒక్కసారి తల తిప్పి కాళీ కుర్చీ సూత్తాడు. నీకు కనపళ్ళేదా?”

“లేదు. వాడికేటయ్యింది?”

“సినిమావోడు సెప్పనేదు. తనూజ సేత నాలుగుసార్లు ఎనక్కి తిప్పించాను. ఎక్కడా సెప్పనేదు.”

“మావా, నువ్వు మాటల్లో పెట్టి టైము లాగుతున్నావు. సూది తియ్యడానికి సిస్టర్ వచ్చేత్తాది.”

“లాగుతున్నాను.”

“ఆపిన కాడినుంచి మళ్ళీ నొక్కుతున్నాను, సూడు. ఈసారైనా పడుకోకు.”

“ఆరోనూ, ఈ మంచమెక్కి మూడేళ్ళయింది. సూది దిగాక ఇక్కడ నాకు ఒక్కరోజూ కునుకు పట్టనేదురా.”