నీ పేరు చెప్పిన రెండు నిమిషాలు

రాయి మీద పేరు చెక్కించుకుని హాయిగా పడుకుంటే సరిపోయిందా, లిగోరియో? నిన్న సాయంత్రం మీ ఆవిడ తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎలా కూర్చుందో చూసుంటే తెలిసేది నీకు.

ఉండు, కొవ్వొత్తి వెలిగించనీ. ఈ శివ్డీ శ్మశానం గాలికి ఒక్కటీ నిలవదు.

ఆ సినిమా అవార్డుల గురించే. ఆఁ, నువ్వేమంటావో నాకు తెలుసు. బతికున్నన్నాళ్ళూ అవి రాగానే టీవీ కట్టేసేవాడివి. "వాళ్ళకి వాళ్ళే దండలేసుకుంటుంటే మనమెందుకు చూడ్డం, ఫిలూ?" అనేవాడివి. నేనేమో పక్కింటి సావంత్ వాళ్ళింటికెళ్ళి చూసొచ్చేదాన్ని. నువ్వు రెండ్రోజులు మాట్లాడేవాడివి కాదు.

మరి ఈసారి వాళ్ళే పిలిచారయ్యా. పాత పాటలకి వాయించిన వాళ్ళకి సన్మానమట. ముప్పై ఎనిమిదేళ్ళు ఫిడేలు వాయించావు, తెర మీద ఒక్కసారైనా నీ పేరు పడిందా? అందుకే వెళ్ళాను. నీలం గౌను ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్ళాను.

స్టేజీ ఎక్కి రెండు నిమిషాలు మాట్లాడాను. లిగోరియో రెబెల్లో అని, ఇంటిపేరుతో సహా, మైకులో చెప్పాను. ఒళ్ళు కాలిపోతున్నా రికార్డింగు మానేవాడివి కాదని చెప్పాను. చప్పట్లు కొట్టారు. కిందికొచ్చి కూర్చున్నాక ఇక ఆగలేదు, ఏడ్చేశాను. కెమెరా నా మొహం మీదికే వచ్చింది. పోన్లే, నీకోసం ఏడ్చానని లోకమంతా చూస్తుంది కదా అనుకున్నాను.

మూడు వారాలకి, అంటే నిన్న, టీవీలో వేశారు. మన బిల్డింగు వాళ్ళందర్నీ పిలిచాను. పొర మీద పొర కాల్చి బెబింకా కేకు చేశాను.

డాన్సులయ్యాయి, జోకులయ్యాయి. మీ వాయించేవాళ్ళ సన్మానం మాత్రం రాలేదు. మొత్తం కత్తిరించేశారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ కొత్త హీరో లేడూ, నిర్మాతగారబ్బాయి? వాడికి ఉత్తమ నటుడి అవార్డిచ్చారు. వాడు "అమ్మా, ఇది నీకే" అన్నాడు. అనగానే తెర నిండా నా మొహం! కళ్ళొత్తుకుంటూ నేను! అసలు వాడికి ఇచ్చే వేళకి నేను ఇంటికొచ్చే బస్సులో ఉన్నాను, లిగోరియో. నీకోసం ఏడ్చిన ఏడుపు పట్టుకెళ్ళి వాడికి అతికించారు. ఇంత మోసం చేస్తారా మనుషులు?

గదంతా ఒకటే గోల. సావంత్ గారి కోడలు నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, ఆ అబ్బాయంటే మీకంత ఇష్టమా?" అనడిగింది.

ఏం చెప్పానంటావు?

ఇదిగో, మళ్ళీ ఆరింది. ఉండు.

"అవునమ్మా, మంచి పిల్లాడు" అన్నాను. అందరూ నన్నే చూస్తున్నారు మరి. నన్ను అంతమంది అలా చూసి ఎన్నేళ్ళయింది? నీ పేరు నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. మొదటిసారి కత్తిరించింది వాళ్ళు. రెండోసారి నేనే.

తిట్టుకో. నువ్వు తిట్టినా తప్పులేదు.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వేస్తారట. నేను చూస్తాను.