లాంపు రూము నేల

"నాను సేసిందేటర్రా, గోడ గీకినాను, అంతే," అన్నాడు గణపతిరావు, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

ఆయన అంత చిన్నగా మొదలెట్టాడంటే సింహాచలమ్మ కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఇంకో టీ చెప్పుకోవాల్సిందే. ఫిట్టరు ఎర్రయ్య చెప్పుకున్నాడు. గణపతిరావు పక్కింటి తిమోతీ చెప్పుకున్నాడు. బెంచీ చివర నిలబడ్డ నూకాలమ్మ మాత్రం వద్దంది. ఆమె టీకి రాలేదు.

చీర చెంగు ఆమెని ఇక్కడికి తెచ్చింది. మధ్యాహ్నం పాత లాంపు రూము కడగడానికి వెళ్ళింది. రేపు పొద్దున్న అందులో బాలబడి తెరుస్తున్నారు. ఒకప్పుడు సిగ్నల్ దీపాలూ గార్డుల చేతిదీపాలూ అక్కడే తుడిచి, అక్కడే కిరసనాయిలు పోసేవారు. కరెంటు దీపాలొచ్చాక తలుపు మూసేశారు. ఏళ్ళ తరబడి గబ్బిలాలే కాపురమున్నాయి. రైల్వే క్వార్టర్ల లైనులో ఆడవాళ్ళు అడగ్గా అడగ్గా చివరికి పిల్లల కోసం ఇచ్చారు. బాగుచేసే పని గణపతిరావు తలకెత్తుకున్నాడు. రేపు లోపల పొయ్యి పెట్టి పాలు పొంగించాలి. పొంగించేది నూకాలమ్మ, నాలుగేళ్ళ కూతురు పైడమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని. ఎల్లుండి నించి రోజూ అదే పొయ్యి మీద పిల్లలకి ఉప్మా.

నేల కడిగి ఇంటికొచ్చాక చెంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. కిరసనాయిలు. సబ్బు పెట్టి ఉతికింది. మళ్ళీ వాసన చూసింది. పోలేదు. అన్నం ముందు కూర్చుంది గాని తినలేదు. లేచి ఇటొచ్చింది.

"గోడ గీకడం కూడా ఒక గొప్పేనేటి మావా?" అన్నాడు ఎర్రయ్య.

"గొప్పని నానన్నానేట్రా? ఇను. లాంపు రూము గోడకి సున్నం నిలవదు. ఎలా నిలుస్తాది? మన తాతల కాలం నించి నూనె తాగిన ఇటుక. పొద్దున్న సున్నమేస్తే మజ్జేన్నానికి తడిబట్ట జారినట్టు మొత్తం జారి కింద పడిపోయీది. మేస్త్రీలు దండం పెట్టి ఎల్లిపోనారు. ఓవర్సీరు బాబు వొచ్చి, 'ఛేడే దావ్ దాదా, ఒదిలీ, ఇది మన వల్ల కాదు' అన్నాడు. ఠీక్ హై బాబూ, నువ్వెల్లి పడుకో, నాను సూసుకుంటాను అన్నాను. తాపీ అట్టుకున్నాను. గీకినాను. నూనె. ఇంకా గీకినాను. ఇంకా నూనె. సుక్కలు కాదురా, ధార. కింద బాల్టీ పెట్టినాను."

"నిండిందా?"

"బాల్టీయేట్రా ఎర్రిమొకమా! బాల్టీలయ్యాయి, డ్రమ్ములయ్యాయి, ఆఖరికి యార్డులో ఆగున్న ట్యాంకరు బోగీని గోడ కాడికి తోసుకొచ్చినాను."

"పట్టాల్లేవు కదా అక్కడ," అన్నాడు తిమోతి.

"నూనె ఉన్నాది కదా తిమోతీ! నేలంతా నూనె. ఇలా ఒక్క ఏలు ఏస్తే చాలు, బోగీ ఎన్న మీద గరిటి ఎల్లినట్టు ఎల్లిపోనాది. పట్టాలెందుకు?"

బెంచీ నవ్వింది. నూకాలమ్మ నవ్వలేదు. నేలంతా నూనె అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

"ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? ఆ గోడ మీద కాకి వాలినాది. వాలినాది కదా, కాలు నిలవలేదు. జర్రుమని జారి, అలా జారుకుంటా జారుకుంటా ఎల్లి గోల్‌బజార్ సేపల దుకాణాల్లో పడినాది. అక్కడ బెంగాలీ దీదీ దాన్ని సేపనుకుని తూకమేసీసినాది."

"రెక్కలుంటాయి గదా బావా, ఎగిరిపోవచ్చును గదా."

"రెక్కలకి నూనె అంటుకుంటే ఏటెగురుతాది? నువ్వు సర్చికెల్లినప్పుడు కూడా పాస్టరు గార్ని ఇలాగే ప్రశ్నలేస్తావేటి? ఇను. కాకి సంగతి సిన్నది. దోమలున్నాయే! ఆ గోడ తాగి పిచికలంతేసి బలిసినాయి. సాయంత్రం ఎవుడైనా బీడీ ముట్టిస్తే చాలు, పక్కనించి ఎల్లే దోమ భగ్గుమని ఎలిగీది. ఎలిగి సచ్చిపోద్దనుకున్నారా? లేదు. ఎలుగుతానే ఎగిరీది. లైనంతా దీపాలే. ఓ ఎర్ర దోమ ఎల్లి మెయిలు ఎదట నిలబడితే, డ్రైవరు సిగ్నలనుకుని బండి ఆపీసినాడు. దోమ కదిలితే గాని బండి కదల్లేదు!"

ఎర్రయ్యకి టీ పొలమారింది. సింహాచలమ్మ కూడా పొయ్యి విసరడం ఆపి కడుపు పట్టుకుంది.

నూకాలమ్మ ఆయన మొహాన్నే చూస్తోంది. చెప్పేటప్పుడు ఆయన ఎర్రయ్య వైపు చూస్తాడు, తిమోతి వైపు చూస్తాడు, రోడ్డు మీద పోయే రిక్షా వైపు చూస్తాడు. ఇందాకణ్ణించి బెంచీ ఈ చివర వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆమె ఎందుకొచ్చిందో అడగనూ లేదు. మామూలు రోజయితే "ఏటి సెల్లెమ్మా" అని పలకరించే మనిషి.

"నేల తవ్వినావా అన్నియ్యా?" అంది.

గణపతిరావు గ్లాసు ఎత్తి అడుగున మిగిలిన టీ తాగాడు.

"తవ్వడమేటి సెల్లెమ్మా! నిలువు లోతు తవ్వినాను, నూనె. రెండు నిలువులు తవ్వినాను, నూనె. నడుముకి తాడు కట్టుకుని దిగినాను. పైనించి ఓవర్సీరు బాబు ఏడుస్తన్నాడు, 'దాదా, ఉఠే ఎసో, పైకి రా' అని. రాలేదు. తవ్వగా తవ్వగా ఏటైనాదో తెలుసా? అడుగునించి ఎవుడో నా గునపానికి ఎదురు కొడతన్నాడు. ఠంగుమని నానొకటి, ఠంగుమని ఆడొకటి. ఎవుడ్రా అన్నాను. నువ్వెవుడ్రా అన్నాడు."

"తెలుగోడా?" అన్నాడు ఎర్రయ్య.

"బూమికి అవతల దేశమోడు. రైల్వే మనిషే! ఆడి ఊళ్ళో పాత లాంపు రూము ఉన్నాదట, దాన్ని కూడా పిల్లల బడి సేస్తన్నారట, ఆడు ఆ పక్కనించి తవ్వుకుంటా వస్తన్నాడు. ఇద్దరం సేతులు కలిపినాం. బీడీ ఇచ్చినాను. తలకిందులుగా నిలబడి తాగినాడు పాపం. అప్పుడు నది ఇసక తెచ్చి నింపి, పైన సిమెంటు కొట్టినాను. ఇప్పుడా నేల మీద మీరు హోమాలు సేసుకోండి!"

"తవ్విన మట్టి ఎక్కడ పోసినావు?" అంది నూకాలమ్మ.

"తాల్‌బగీచా పక్కన పెద్ద పల్లముండీది, గురుతున్నాదా? ఇప్పుడెల్లి ఎతుకు. ఉండదు. నానే పూడ్సినాను!"

బెంచీ చరుచుకుంటూ నవ్వారు. నూకాలమ్మకి అర్థమైంది. పని గురించి ఏమడిగినా ఆయన దగ్గర జవాబుంటుంది. అడిగినకొద్దీ గొయ్యి లోతవుతుంది, మట్టికి చోటు దొరుకుతుంది. ఇలా అయితే పొద్దుగూకిపోతుంది, రేపు తెల్లారిపోతుంది, పైడమ్మ ఒళ్ళో ఉండగా అగ్గిపుల్ల గీయాల్సి వస్తుంది.

చెంగు నడుముకి బిగించుకుంది.

"మీ రవణమ్మ రేపు బడికొస్తాదా?"

రవణమ్మ గణపతిరావు మనవరాలు. పైడమ్మ ఈడుదే. ఇద్దరికీ ఒకేలాంటి పలకలు కొనాలని ఆ మధ్య ఆయనే అన్నాడు.

గణపతిరావు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. ఖాళీ గ్లాసు.

"దానికి జొరం," అన్నాడు.

ఎర్రయ్య నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ఆ జ్వరానికి గోడలు వేడెక్కాయనో, మంచం కింద నీళ్ళు మరిగాయనో వస్తుందని చూశాడు. ఏమీ రాలేదు.

"జొరమేటి బావా?" అన్నాడు తిమోతి, మామూలుగానే. "ఇందాక మా గుమ్మం ముందు తొక్కుడుబిళ్ళ ఆడతన్నాది కదా. మా దేవమణిని ఓడగొట్టి ఎక్కిరించినాది కూడాను."

గణపతిరావు రోడ్డు వైపు చూశాడు.

"పోనీ ఎల్లుండి వస్తాదా?" అంది నూకాలమ్మ.

"సూద్దాం."

"వొచ్చే వారం?"

గణపతిరావు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఎర్రయ్య నవ్వు ఎటు పోయిందో పోయింది. అతనికీ ఓ కొడుకున్నాడు, రేపే వెళ్ళాలి.

"అయితే నీకు తెలుసన్నమాట," అంది నూకాలమ్మ. గొంతు పెంచలేదు. "రేపు నాను పాలు పొంగించను. మీ రవణమ్మని నీ సేత్తో తీసుకొచ్చి ఆ పొయ్యి పక్కన కూకోబెట్టు. ఆ రోజు నా పైడమ్మని తెస్తాను. అందాకా ఈ లైనులో ఏ పిల్లా గుంటా ఆ గడప దాటదు. నాను ఇల్లిల్లూ తిరిగి సెప్తాను."

"అది కాదు సెల్లెమ్మా, ఆ సిమెంటున్నాదే, అది మామూలు సిమెంటు కాదు, దాన్ని..."

ఎర్రయ్య లేచాడు. తిమోతి గ్లాసులో సగం టీ వదిలేసి లేచాడు. సింహాచలమ్మ మొహం తిప్పుకుని పొయ్యి విసురుకుంది. నూకాలమ్మ అప్పటికే మొదటి ఇంటి తలుపు కొడుతోంది.

మర్నాడు పొద్దున్న పాలు పోసేవాడు వచ్చి వెళ్ళాడు. ఆమె తీసుకోలేదు. లాంపు రూము వైపు నించి చప్పుడు వినబడితే పైడమ్మని సింహాచలమ్మ దగ్గర వదిలి వెళ్ళింది.

గణపతిరావు ఒక్కడే ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, గునపంతో నేల పగలగొడుతున్నాడు. పైన కొట్టిన సిమెంటు అట్టు మందం కూడా లేదు. దాని కింద ఇసకా లేదు, ఏమీ లేదు. తారులాంటి నల్లటి పాత నేల. అప్పటికే మూరెడు దిగాడు. గోడవార రెండు గంపల మట్టి ఉంది.

ఆమెని చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

నూకాలమ్మ గోతి అంచున గొంతుక్కూర్చుంది. అడుగునించి పిడికెడు మట్టి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుని మరోసారి వాసన చూసింది.

"ఇంకా," అంది.

గణపతిరావు గునపం ఎత్తాడు.